‘మస్త్’ అనే నోటికి ‘బెస్ట్’ బరువా?

పలక మీద ‘బ్యాంక్’ రాయమంటే మధ్యలో ఎన్ మాయం. ‘డెస్క్’ రాయమంటే చివర్లో యు ప్రత్యక్షం! ఇంగ్లిష్ మీడియంలో చేరిన చిన్నారుల్ని ఇలా ముప్పుతిప్పలు పెడుతున్నవి మాట చివర జంటగా వచ్చే హల్లులు. ఈ చిక్కు తెలుగు వల్లే వచ్చిందంటే నిజమే. దాన్ని విప్పే కిటుకు కూడా తెలుగులోనే ఉంది... సున్నలో, వత్తులో, పొల్లులో!

‘‘బ్యాంక్... అందరూ రాయండి’’ అని ఏ రెండో తరగతి గదిలోనైనా చెప్పి చూడండి. కాసేపు బలపాల చప్పుడు. ఆ తర్వాత పలకలు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. ఒకదాని మీద బి, ఏ, కె. ఇంకోదాని మీద బి, ఏ, ఎన్, కె, యు. మరో పలక మీద బి, ఏ, ఎన్ దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత ఏం రాయాలో తోచక బలపం నోట్లోకి వెళ్లింది. సరిగ్గా రాసినవాళ్లూ ఉంటారు. అయితే వాళ్లనే ‘ట్యాంక్’ రాయమనండి. కొందరి చేయి అక్కడ ఆగిపోతుంది. ‘బ్యాంక్’ వాళ్లకు రావడం కాదు, గుర్తుంది... అంతే.

బ్యాంక్, డెస్క్, ల్యాంప్, హ్యాండ్, బెల్ట్, గిఫ్ట్. వీటన్నిట్లో ఒక పోలిక ఉంది. మాట చివర రెండు హల్లులు, మధ్యలో అచ్చు లేకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. రెండూ వినిపిస్తాయి, రెండూ రాయాలి. ఇంగ్లిష్ టీచర్లు వీటిని ‘ఎండింగ్ బ్లెండ్స్’ అంటారు. క్యాట్, పెన్, కప్ లాంటి మూడక్షరాల మాటలు వచ్చేశాక, ఒకటో తరగతి చివర్లోనో రెండో తరగతి మొదట్లోనో పిల్లలు ఎక్కాల్సిన మెట్టిది. చూడ్డానికి చిన్నది. కాలు జారేదీ ఇక్కడే.

ఇంటి మాటలే... బడిలో కొత్తవి

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం. హైదరాబాద్ పక్కన రంగారెడ్డి జిల్లాలో ఉన్నదీ కాదు, విజయవాడ దగ్గరిదీ కాదు. మెట్‌పల్లికి చేరువలో, గోదావరిని ఆనుకుని ఉన్న మండలం ఇది. 2016లో జిల్లాల విభజన జరిగేదాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. వరి, పసుపు, మక్కజొన్న పండే నేల. పొలం పనులతో పాటు గల్ఫ్ ప్రయాణాలూ ఇక్కడి జీవితంలో భాగమైపోయి దశాబ్దాలు దాటింది.

అందుకే ఈ వైపు పల్లెల్లో ఇంగ్లిష్ అక్షరం ముక్క రాని ముసలవ్వ కూడా ఏజెంట్ అంటుంది, అకౌంట్ అంటుంది, డ్రాఫ్ట్ అంటుంది. కొడుకు ఉండేది ‘క్యాంప్’లో అని చెబుతుంది. వరసగా చూడండి... ఏజెంట్, అకౌంట్ చివర ఎన్-టి. డ్రాఫ్ట్ చివర ఎఫ్-టి. క్యాంప్ చివర ఎమ్-పి. బ్యాంక్ చివర ఎన్-కె. అసలు ‘గల్ఫ్’ అన్న మాటే ఎల్-ఎఫ్‌తో ముగుస్తుంది! ఎండింగ్ బ్లెండ్స్‌లో అరుదైన జత అది. ఇంగ్లిష్ పాఠాల్లో చిట్టచివర్లో వచ్చే ఈ జత ఇక్కడి పిల్లల చెవిన పడేది ఊయల్లో ఉన్నప్పుడే.

మరి బడికొచ్చేసరికి ఏమైంది?

ఏమైందో చెప్పుకునే ముందు, ఇది ఇప్పుడే ఎందుకు పెద్ద విషయమైందో చూడాలి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికందాయి. అదే ఏడాది ఆగస్టు 15న ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడేలా చేయడానికి ‘తొలిమెట్టు’ కార్యక్రమం మొదలైంది. అంతకుముందు ఇంగ్లిష్ ఒక సబ్జెక్టు. ఆ మాట రాకపోతే ఆ పరీక్షలో నాలుగు మార్కులు పోయేవి. ఇప్పుడు లెక్కలూ, పరిసరాల విజ్ఞానమూ ఇంగ్లిష్‌లోనే. ప్లాంట్, పాండ్, శాండ్, విండ్, సాల్ట్, మిల్క్, ఇన్‌సెక్ట్... చిన్న తరగతుల పాఠాల్లో ఊపిరి సలపనివ్వకుండా వచ్చే మాటలివి. అన్నిట్లోనూ చివర జంట హల్లే. చివరి అక్షరం మింగేస్తే ‘ప్లాంట్’ కాస్తా ‘ప్లాన్’ అవుతుంది. ‘విండ్’ కాస్తా ‘విన్’ అవుతుంది. మొక్క గురించి పాఠం చదువుతున్న బిడ్డ ఏదో పథకం గురించి చదివినట్టు! సైన్సు రాలేదంటారు, లెక్కలు రాలేదంటారు. పోయింది మాత్రం ఒక్క అక్షరం.

‘ఉ’ అనే తోక

తెలుగు అచ్చుతో ముగిసే భాష. పండితులు ‘అజంత భాష’ అంటారు. ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అని మనం మురిసిపోయే పేరు తెచ్చిపెట్టిందీ ఈ గుణమే. పరాయి మాట ఏదైనా హల్లుతో ముగిస్తే తెలుగు నోరు ఊరుకోదు, వెనకాల ఒక ‘ఉ’ తగిలిస్తుంది. పెన్ పెన్నయింది, బస్ బస్సయింది, రోడ్ రోడ్డయింది. జంట హల్లున్నచోటా అంతే. లిస్టు, బెల్టు, పంపు, బల్బు, సిల్కు, గిఫ్టు.

ఇదేం తప్పు కాదు. ‘బ్యాంకుకు పోయొస్త’ అన్నప్పుడు ‘బ్యాంకు’ శుద్ధమైన తెలుగు మాట. దాన్ని పట్టుకుని పిల్లల్ని వెక్కిరించే పెద్దలు ఒకసారి జపాన్ వైపు చూడాలి. వాళ్లు ‘డెస్క్’ను ‘దెసుకు’ అంటారు, ‘టెస్ట్’ను ‘తెసుతొ’ అంటారు. స్పెయిన్‌వాళ్లకు మాట మొదట్లో ‘స్క’, ‘స్ట’ కుదరవు కాబట్టి ముందొక ‘ఎ’ చేరుస్తారు. మన పల్లెల్లో స్కూల్‌ను ‘ఇస్కూల్’ అన్నట్టే! ప్రతి భాషా అతిథికి తన ఇంటి చెప్పులే ఇస్తుంది.

చిక్కంతా రాసేటప్పుడే. పిల్లలు నోటితో అనుకున్నదే చేత్తో రాస్తారు. ‘డెస్కు’ అనుకుంటే చివర యు పెడతారు. పైగా ‘డెస్కు’ అన్నప్పుడు మాట రెండు ముక్కలవుతుంది. డెస్... కు. మన ‘పుస్తకం’ పుస్-త-కం అని విరిగినట్టే. ఎస్ ఒక ముక్కలోకి, కె ఇంకో ముక్కలోకి వెళ్లిపోతాయి. ఇంగ్లిష్‌లో మాత్రం ‘డెస్క్’ మొత్తం ఒక్కటే ముక్క, ఒక్క చప్పట్లో అయిపోవాలి.

అందుకే చప్పట్ల ఆట బాగా పనికొస్తుంది. ‘డెస్కు’ అనమంటే రెండు చప్పట్లు. ‘డెస్క్’ అనమంటే ఒకటి. రెండూ మార్చి మార్చి ఆడిస్తే తేడా చెవికి పడుతుంది. అది చాలకపోతే చేతిలో చిన్న అద్దం పెట్టండి. ‘కు’ అన్నప్పుడు పెదాలు గుండ్రంగా ముడుచుకుంటాయి. ‘క్’ అన్నప్పుడు ముడుచుకోవు. ఆరేళ్ల పిల్లలకు వ్యాకరణం చెబితే ఎక్కదు కానీ తమ మూతి అద్దంలో చూసుకోమంటే సంబరం!

ఎన్ ఎక్కడికి పోయింది?

చివర యు చేరడం పైకి కనిపించే తప్పు. మధ్యలో అక్షరం మాయమవడం అంతకంటే లోతైనది. ‘బ్యాంక్’లో ఎన్, ‘ల్యాంప్’లో ఎమ్, ‘టెంట్’లో ఎన్... పిల్లల పలకల మీద ఎక్కువగా జారిపోయేవి ఇవే.

ఇది తెలుగు పిల్లలకే పరిమితం కాదు. ఇంగ్లిష్ మాతృభాష అయిన పిల్లలూ ఇదే చేస్తారు. అమెరికాకు చెందిన చార్లెస్ రీడ్ అనే భాషా పరిశోధకుడు ఇంకా బడికి వెళ్లని పిల్లలు సొంతంగా కల్పించుకున్న స్పెల్లింగుల్ని పరిశీలించి 1971లో ఒక వ్యాసం ప్రచురించారు. హల్లుకు ముందొచ్చే ఎన్, ఎమ్‌లను ఆ చిన్నారులు తరచూ వదిలేయడం ఆయన గమనించారు. ఆ తర్వాత రెబెకా ట్రీమన్ ఒకటో తరగతి పిల్లల రాతల్ని పరిశీలించి 1993లో తెచ్చిన పుస్తకంలోనూ ఈ సంగతి ఉంది. చివర జంట హల్లుల్లో ఎక్కువగా పోయేది రెండోది కాదు, మొదటిది. కారణం సులువే. ‘బ్యాంక్’ అన్నప్పుడు ఆ ముక్కు ధ్వని విడిగా నిలబడదు. ముందున్న అచ్చులో కలిసిపోయి, దాన్నే కాస్త ముక్కుతో పలికించి వెళ్లిపోతుంది. పిల్లల చెవికి అది అక్షరంలా వినిపించదు, అచ్చుకు పట్టిన జలుబులా వినిపిస్తుంది!

తెలుగు పిల్లలకు దీనికి తోడు ఇంకో కారణమూ ఉంది. మన రాతలో ఆ ముక్కు ధ్వనికి సొంత అక్షరం లేదు. పక్కన ఒక సున్న పెడతాం. ‘బ్యాం’ ఒక అక్షరం, ‘క్’ ఇంకో అక్షరం. తెలుగు లెక్కలో ‘బ్యాంక్’ రెండే అక్షరాలు. ఇంగ్లిష్ లెక్కలో నాలుగు. రెండు అక్షరాల మాటకు నాలుగు అక్షరాలు రాయమంటే పిల్లలకు తికమక రాక ఏమవుతుంది?

అలాగని సున్నను తప్పుపట్టకండి. ఈ కథలో అసలు హీరో అదే.

సున్న చేసే మాయ

సున్న పలికే తీరు ఎప్పుడైనా గమనించారా? ‘పంట’లో ఒకలా, ‘పంక’లో ఒకలా, ‘కంప’లో ఇంకోలా పలుకుతుంది. తర్వాత ఏ అక్షరం వస్తే ఆ వర్గపు ముక్కు ధ్వనిగా మారిపోతుంది. ‘క’ ముందు ‘ఙ’, ‘ట’ ముందు ‘ణ’, ‘త’ ముందు ‘న’, ‘ప’ ముందు ‘మ’. ఎవరూ నేర్పకుండానే తెలుగు పిల్లలు ఇదంతా చేసేస్తారు. ఇంగ్లిష్‌లో ‘ఇంక్’లోని ఎన్, ‘అండ్’లోని ఎన్ రాతలో ఒకటే అయినా పలుకులో వేరని ఇంగ్లిష్ పిల్లలకు ఎవరూ చెప్పరు. మనవాళ్లకు చెప్పాల్సిన పనే లేదు.

అందుకని బోర్డు మీద ముందు తెలుగు మాట రాయండి. ఎండ. చివరి ‘అ’ తీసేయమనండి. ఎండ్! ఇంగ్లిష్‌లో ముగింపు. బెండకాయలో ‘బెండ’ తీసుకుని ‘అ’ ఊడదీస్తే బెండ్. వంపు. అండలోంచి అండ్. పిల్లలు గొల్లున నవ్వుతారు. నవ్వు ఆగేలోపు అడగండి... సున్న ఎక్కడుంది? ఇంగ్లిష్‌లో సున్న లేదు కదా, దాని చోట ఏం పెడదాం?

ఇక్కడ చెప్పాల్సిన సూత్రం ఒక్కటే. సున్న తర్వాత ‘ప్’ వినిపిస్తే ఎమ్. ‘ట్’, ‘డ్’, ‘క్’ వినిపిస్తే ఎన్. క్యాంప్, ల్యాంప్, పంప్, స్టాంప్... ఎమ్. టెంట్, హ్యాండ్, ట్యాంక్... ఎన్. తెలుగులో రాసుకున్నప్పుడు సున్న ఉందంటే, ఇంగ్లిష్‌లో అక్కడ ఒక అక్షరం ఉండి తీరాలి. ఆరేడేళ్ల పిల్లలకు ఇది చేతికి తాళంచెవి ఇచ్చినట్టే. హైదరాబాద్ చూసొచ్చిన పిల్లలుంటే ‘ట్యాంక్ బండ్’ రాయించండి. ఒకే పేరులో రెండు సున్నలు, రెండు జంటలు!

సున్న రాని చోట వత్తుంటుంది. ‘లిస్ట్’లో ‘స’ కింద టవత్తు, ‘డెస్క్’లో ‘స’ కింద కవత్తు, ‘బెల్ట్’లో ‘ల’ కింద టవత్తు. తెలుగులో రెండో హల్లు కిందికి దిగుతుంది, ఇంగ్లిష్‌లో పక్కన కూర్చుంటుంది. అంతే తేడా. చివర్లో పైన పెట్టే పొల్లు గుర్తు ‘ఇక్కడ అచ్చు లేదు, యు పెట్టకు’ అని చెబుతుంది. (పాత తెలుగు పుస్తకాల్లో ‘న్’కు నకారపొల్లు అని ప్రత్యేకంగా ఒక రూపమే ఉండేది. కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 2021లో దానికీ చోటు దొరికింది. అచ్చు లేని హల్లు మనకు మరీ కొత్తేం కాదన్నమాట.)

కాబట్టి ఇంట్లో పిల్లల కోసం ఇంగ్లిష్ మాటను తెలుగులో రాసిచ్చేవాళ్లకు ఓ మనవి. డెస్కు, లిస్టు అని రాయకండి. డెస్క్, లిస్ట్ అని పొల్లుతో రాయండి.

దోస్త్... బంద్... మస్త్

తెలంగాణ పిల్లలకు ఇంకో వరం కూడా ఉంది. ఉర్దూతో శతాబ్దాల సావాసం. దుకాణం ‘బంద్’ అయిందంటారు. చేతి గడియారం ‘బంద్’ పడిందంటారు. ఎన్-డి జతకు ఇంతకంటే దగ్గరి చుట్టం ఏముంటుంది! సినిమా నచ్చితే ‘మస్త్’గుందంటారు. పక్కింటి పిల్లాడు ‘దోస్త్’. ఆ రెండింటి చివరా ఉన్నది ‘బెస్ట్’, ‘ఫస్ట్’, ‘ఫాస్ట్’ల చివర ఉన్న జతకు అన్నదమ్ముల బిడ్డే. అక్కడ ‘త్’, ఇక్కడ ‘ట్’. మధ్యలో అచ్చు లేకుండా రెండు హల్లుల్ని దాటే ఒడుపు మాత్రం ఒకటే.

‘మస్తు’, ‘దోస్తు’ అనేవాళ్లు లేరా? బోలెడుమంది. ఒకే మనిషి ఒకే రోజు రెండు రకాలుగానూ అంటాడు. అదే మంచి పాఠం. ‘దోస్త్’ అన్నా ‘దోస్తు’ అన్నా దోస్తే. చివరి ‘ఉ’ మాటలో భాగం కాదనీ, కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చనీ పిల్లల నోటికి ముందే తెలుసు. ‘డెస్కు’లో ‘ఉ’ తీసెయ్ అంటే అర్థం కాని పిల్లాడికి ‘దోస్తును దోస్త్ అన్నట్టు అను’ అంటే ఇట్టే వెలుగుతుంది.

బడి భాష, ఇంటి భాష వేరని ఇంటి మాటను గుమ్మం దగ్గరే వదిలేసి రమ్మనే అలవాటు మనకు బాగా ఉంది. ఇక్కడ ఇంటి మాటే బడి మాటకు తోవ చూపిస్తోంది.

చింతగింజల పాఠం

ఇక తరగతి గదిలో దీన్ని ఎలా నేర్పాలి? ‘చూసి పదిసార్లు రాయండి’ అన్నది మనకు తెలిసిన పద్ధతి. చేతులు నొప్పి పుట్టడం తప్ప దానివల్ల ఒరిగేది తక్కువ. అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని ఒక వరసలో నేర్పితే చదవడం, స్పెల్లింగు మెరుగవుతాయని అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000 సంవత్సరంలో ఇచ్చిన నివేదిక తేల్చింది. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో తరగతి పిల్లలందరికీ దీనిమీదే చిన్న పరీక్ష పెడుతున్నారు. నలభై మాటలు చదవాలి. తమాషా ఏంటంటే వాటిలో ఇరవై మాటలకు అర్థమే ఉండదు! ఊరికే కల్పించినవి. బట్టీ పట్టినవాళ్లు ఎవరో, నిజంగా చదవగలిగినవాళ్లు ఎవరో అప్పుడు తేలిపోతుంది. మన టీచర్లూ అప్పుడప్పుడు ‘జెంప్’, ‘నిస్క్’ లాంటి లేని మాటలు చెప్పి రాయించి చూడొచ్చు. ‘బ్యాంక్’ రాసి ‘ట్యాంక్’ దగ్గర ఆగిపోయే పిల్లలు ఇట్టే దొరుకుతారు.

ఖర్చు లేని సాధనం ఒకటుంది. సోవియట్ మనస్తత్వవేత్త డానియిల్ ఎల్కోనిన్ పేరుతో ప్రపంచమంతా వాడుతున్న గళ్ల పద్ధతి. కాగితం మీదో నేల మీదో వరసగా గళ్లు గీస్తారు. మాటను మెల్లగా సాగదీసి అంటూ, ఒక్కో ధ్వని వినిపించినప్పుడల్లా ఒక్కో గడిలోకి ఒక్కో గింజ జరపాలి. చింతగింజలకు మన ఊళ్లలో కరవేముంది!

‘డెస్క్’... డ్, ఎ, స్, క్. నాలుగు గింజలు. ‘ల్యాంప్’... ల్, అచ్చు, మ్, ప్. నాలుగు. మూడే జరిపిన పిల్లలతో ‘తప్పు’ అనకూడదు. మళ్లీ సాగదీసి అనమనాలి. ముక్కు మీద వేలు పెట్టుకుని ‘ల్యామ్మ్...’ అంటే ముక్కు అదురుతుంది. ఆ అదురే నాలుగో గింజ. గింజలు సరిపోయాక వాటి స్థానంలో అక్షరాలు పెట్టాలి. ముందు చెవి, తర్వాత చేయి. ఈ వరస తిరగబడితే మళ్లీ బట్టీయే.

ఇక్కడే ఒక తేడా తెలియజెప్పాలి. ‘డక్’ రాతలో నాలుగక్షరాలు. చివర సి, కె ఉంటాయి. గింజలు మాత్రం మూడే. ఎందుకంటే సి-కె కలిసి ఒకే ధ్వని. ‘ఫిష్’ చివర ఎస్-హెచ్ కూడా అంతే. ఇవి జంట హల్లులు కావు, ఒకే ధ్వనికి రెండు అక్షరాల చొక్కా. ఈ రెండూ కలిపేసి ఒకే రోజు నేర్పితే పిల్లలకు ఏదీ మిగలదు.

గింజలు అలవాటయ్యాక మాటల గొలుసు. ఇది ఆటలకు రాజు. ‘బెట్’ అనే మూడక్షరాల మాటతో మొదలుపెట్టండి. టి ముందు ఎస్ చేర్చితే బెస్ట్. ఎస్ తీసి ఎల్ పెడితే బెల్ట్. ఎల్ తీసి ఎన్ పెడితే బెంట్. ఒక్క అక్షరం మారితే మాట మొత్తం మారిపోయిందని కళ్లముందే కనిపిస్తుంది. ‘వెట్’లోంచి వెస్ట్, వెంట్. ‘లిట్’లోంచి లిస్ట్, లిఫ్ట్. ‘క్యాప్’లో ఎమ్ దూరిస్తే క్యాంప్. ‘హ్యాడ్’లో ఎన్ దూరిస్తే హ్యాండ్. మాయమయ్యే అక్షరమేదో దాన్నే చేత్తో పెట్టి, చేత్తో తీయిస్తున్నాం కాబట్టి ఇక మరిచిపోవడం కష్టం.

అన్ని జంటల్నీ ఒకేసారి మీదేయకూడదు. ఎస్-టి, ఎన్-డి, ఎమ్-పి లాంటి తరచూ వచ్చేవి ముందు. ఎల్‌తో వచ్చే మిల్క్, హెల్ప్, షెల్ఫ్ కాస్త ఆగి. ఒక జత రెండు మూడు రోజులు నలిగాకే ఇంకోటి.

జాగ్రత్త... ఇంగ్లిష్ ఉంది!

ఇంత చేశాక ఇంగ్లిష్ తన బుద్ధి చూపిస్తుంది. ‘మిల్క్’, ‘సిల్క్’లలో ఎల్ పలుకుతుంది. అదే ఎల్-కె ఉన్న ‘వాక్’, ‘టాక్’లలో ఎల్ నోరు మూసుకుంటుంది. ‘షెల్ఫ్’లో పలికిన ఎల్ ‘హాఫ్’లో పలకదు. ‘బల్బ్’లో బి వినిపిస్తుంది, ‘ల్యాంబ్’ అని రాసే గొర్రెపిల్లను మాత్రం ‘ల్యామ్’ అనాలి. ‘బ్యాండ్’, ‘శాండ్’ల తోవలో వెళ్తున్న పిల్లలకు ‘మైండ్’, ‘కైండ్’, ‘ఫైండ్’ ఎదురవుతాయి. అక్షరం ఐ ఒక్కటే, పలుకు మాత్రం దీర్ఘం. ‘కోల్డ్’, ‘గోల్డ్’, ‘చైల్డ్’ల సంగతీ అంతే.

అన్నిటికంటే గడుసుది గడిచిన కాలం. ‘జంప్డ్’ అని రాసినట్టున్నా పలకడం ‘జంప్ట్’ అనే. చెవిని నమ్మడం నేర్చుకున్న బిడ్డ నిజాయతీగా చివర టి రాస్తాడు. దానికి ఎర్ర ఇంకుతో అడ్డగీత గీసేముందు టీచరు ఒక్క క్షణం ఆగాలి. వాడు సరిగ్గా విన్నాడు. వినడం వచ్చిన పిల్లాడికి ‘నిన్న జరిగిన పనైతే ఇ-డి పెడతాం’ అని చెబితే చాలు. వినడమే రాని పిల్లాడికి మళ్లీ గింజల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. రెండు తప్పులూ పలక మీద ఒకేలా కనిపించినా మందు ఒకటి కాదు.

ఇలాంటి మాటల్ని జంట హల్లులు బాగా వచ్చాకే పరిచయం చేయాలి. మొదటి వారంలోనే ‘వాక్’, ‘ల్యాంబ్’ పెడితే, ఇప్పుడిప్పుడే చెవిని నమ్ముతున్న పిల్లలు మళ్లీ టీచరు ముఖం వైపే చూస్తారు.

నానమ్మా... నాలుగు గింజలు!

‘‘మాకు ఇంగ్లిష్ రాదు, పిల్లలకు మేమేం చెబుతాం?’’ తల్లుల నుంచి తరచూ వినిపించే మాట ఇది. తండ్రి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండి, తల్లి పొలానికి వెళ్తే, సాయంత్రం పిల్లల దగ్గర ఉండేది నానమ్మో తాతో. వాళ్లకు ఏ, బి, సి, డిలు రాకపోయినా ఫర్వాలేదు. చెవులుంటే చాలు. ఆ సాయం ఇలా ఉండొచ్చు.

‘‘ఏం రాస్తున్నవ్ బిడ్డా?’’

‘‘ల్యాంప్, నానమ్మా.’’

‘‘ఎన్ని గింజలైనయ్?’’

‘‘మూడు.’’

‘‘మల్లొక్కసారి అను. జర మెల్లగ.’’

‘‘ల్... యా... మ్... ప్. అయ్యో, నాలుగు!’’

నానమ్మకు స్పెల్లింగు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. మెల్లగా అనమంది, ఎన్నో లెక్కపెట్టమంది. అంతకుమించి రోజూ పది నిమిషాలు. ఇంట్లో కనిపించే వస్తువుల పేర్లే చాలు. బల్బ్, బెల్ట్, మిల్క్ ప్యాకెట్, పెయింట్ డబ్బా, బోర్‌కు పెట్టిన పంప్. రాత్రి ఫోన్ మోగి, అటు నుంచి నాన్న ‘‘ఇయ్యాల ఏం నేర్చుకున్నవ్‌రా?’’ అంటే, ‘‘బాపూ, నువ్వుండే క్యాంప్ రాసిన... సి, ఏ, ఎమ్, పి!’’ అని పలకను కెమెరా ముందు పెట్టొచ్చు.

పిల్లల్ని మాత్రం ఒక విషయంలో వదిలేయండి. తెలుగులో మాట్లాడుతున్నప్పుడు ‘బ్యాంకు’, ‘డెస్కు’ అంటే సరిదిద్దకండి. ఆ వాక్యంలో అదే ఒప్పు. ఇంగ్లిష్ రాస్తున్నప్పుడు, చదువుతున్నప్పుడే పొల్లు గుర్తుచేయండి. ప్రతి మాటకూ అడ్డు తగిలితే పిల్లలు స్పెల్లింగు మానరు, మాట్లాడటం మానేస్తారు.

పిల్లల పలకలు దిద్దే పెద్దలకు చివరగా ఒక చిన్న పరీక్ష. ‘పన్నెండవ’ అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాటకు స్పెల్లింగు కాగితం మీద రాయండి, ఎవరినీ అడక్కుండా. ‘వి’ తర్వాత ‘ఇ’ పెట్టినవాళ్లూ, ఎల్ నుంచి నేరుగా టి-హెచ్‌కు దూకేసినవాళ్లూ కంగారు పడకండి. ఆ మాట చివర ఎల్, ఎఫ్, ఆపైన టి-హెచ్... ఏకంగా మూడు ధ్వనులు అతుక్కుని ఉంటాయి. మధ్యలో ఉన్న ఆ ఎఫ్, గల్ఫ్ చివర్లో ఉన్నదే!